తొడ కింద చెయ్యి

ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి మా నర్సరీ గదిలో ఆటసామాను గోడవారకి నెట్టి, మధ్యలో రెండు పొట్టి బల్లలు వేసేవారు. ఒక్కో బల్ల దగ్గర ఒక టీచరు, ఎదురుగా ఒక పిల్లవాడు. వాడు కేజీకి తయారుగా ఉన్నాడో లేదో పావుగంటలో తేలిపోయేది. ఉంటే ఏప్రిల్లో మేడమీది గదికి వెళ్ళి నాలుగు గీతల నోటుపుస్తకంలో రాయడం మొదలుపెడతాడు. లేకపోతే తన ఈడువాళ్ళంతా మెట్లెక్కి పోతుంటే, కొత్తగా చేరిన మూడేళ్ళవాళ్ళ మధ్య మళ్ళీ అదే చాప మీద కూర్చుంటాడు. ఆ పని నేను బాగా చేస్తానని నాకు కాస్త గర్వం ఉండేది. కాస్త ఏమిటి, చాలానే ఉండేది.

ఢిల్లీ మెట్రో మా జనక్‌పురి దాకా వచ్చిన కొత్త రోజులవి. మా ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్రో ఎక్కితే మళ్ళీ ఏడింటికే ఇంటి ముఖం చూసేవారు. రెండు గదుల అద్దె ఫ్లాటులో మేమిద్దరం, మా అబ్బాయి, కోనసీమ నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తయ్యగారు. నాది బడిలో పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉంచేవారు. అబ్బాయిని కూడా అదే బడిలో వేశాను.

కన్నతల్లే టీచరయితే పిల్లలు చదవరని మా నర్సరీ ఇన్‌ఛార్జి మేడం నమ్మకం. అందుకని మా అబ్బాయి పక్క సెక్షన్లో ఉండేవాడు. ఆ సెక్షన్ టీచరు పంజాబీ ఆవిడ, నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను దీదీ అనేదాన్ని, ఆవిడ నన్ను మేడంజీ అనేది. ఆవిడ కూతురు నా సెక్షన్లో ఉండేది. పొద్దున్నే ఇద్దరం ఒకే సైకిల్ రిక్షాలో, పిల్లల్ని చెరో ఒళ్ళో కూర్చోబెట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళం.

పరీక్షలు మొదలవడానికి వారం ముందు రిక్షాలో ఆవిడ నా చెయ్యి నొక్కింది.

"మేడంజీ, మీ వాణ్ణి నేను చూసుకుంటాను. మా దాన్ని మీరు చూసుకోండి. ఠీక్ హై?" అంది హిందీలో, మెల్లగా.

వద్దన్నా పోయేదేమీ లేదు, సరేనన్నా పోయేదేమీ లేదు. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. నాకు అలా ఊరుకోవడం తెలిస్తే ఇంక కావలసిందేముంది? నిటారుగా కూర్చుని, "లేదు దీదీ, ఉన్నది ఉన్నట్టు రాద్దాం. మన పిల్లలకే మనం అబద్ధం రాస్తే మిగతా పిల్లల మాటేమిటి?" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "అచ్ఛా. మీరన్నది సబబే," అని అటు తిరిగి దుకాణాలు చూడడం మొదలుపెట్టింది.

అప్పుడు మా అబ్బాయి నా ఒళ్ళోంచి దిగి పక్కన సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. దీదీ చూసి, "చలేస్తోందా బేటా?" అంది. వాడు నా వైపు చూశాడు. "ఔను, వాడికి చలి ఎక్కువ," అన్నాను నేను.

వాడికి చలి కాదు. వాడిది ఎడమచేతి వాటం.

పాకే వయసు నుంచీ అంతే. గిలక్కాయ ఎడమ చేత్తో, చెంచా ఎడమ చేత్తో, గోడ మీద గీతలు ఎడమ చేత్తో. "పుర్రచెయ్యేనే అమ్మాయ్ వీడిది," అని అత్తయ్యగారు మొదటి పుట్టినరోజుకే తేల్చేశారు. ఆవిడ అన్నంత మాత్రాన నేను వినేదాన్ని కాదు. కరోల్ బాగ్‌లో ఏడాది పాటు నర్సరీ ట్రైనింగు చేసినదాన్ని. పిల్లల చేతి వాటం మార్చకూడదని అక్కడ నోట్సులో ఎర్ర సిరాతో కింద గీత గీసి మరీ రాసుకున్నాను. తల్లిదండ్రుల మీటింగులో ఒక సర్దార్జీ తాతగారు, "మా మనవడు ఎడమ చేత్తో రొట్టె తింటున్నాడు, ఏం చెయ్యను?" అని వాపోతే, ఆయనకి పావుగంట క్లాసు పీకాను. ఆయన తలపాగా సర్దుకుంటూ బుద్ధిగా విన్నారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా?

మా వాడికి మూడో ఏడు నడుస్తుండగా వినాయక చవితి వచ్చింది. జనక్‌పురి తెలుగువాళ్ళందరం కమ్యూనిటీ హాల్లో పూజ పెట్టుకున్నాం. తీర్థం ఇచ్చేటప్పుడు వాడు ఎడమ చెయ్యి చాపాడు. పూజారిగారు చెంచా వెనక్కి తీసుకున్నారు. కోపంగా ఏమీ కాదు, నవ్వుతూనే. "ఆ చెయ్యి కాదు బాబూ," అన్నారు. వాడు రెండోసారీ అదే చాపాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ముందు వాణ్ణి చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ హాల్లో ఉన్నవి పాతిక కుటుంబాలు. ఢిల్లీ మొత్తం మీద నాకున్న తెలుగు లోకం అదే. ఒకావిడ, వాళ్ళాయన మా ఆయనకి పై ఆఫీసరు, "టీచరుగారి అబ్బాయికి ఎవరూ నేర్పలేదా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నుంచి అత్తయ్యగారూ నేనూ ఒకే పక్షం.

"మొక్కై వంగనిది మానై వంగుతుందిటే? నాదీ పుర్రచెయ్యే. మా అమ్మ వాత పెట్టి మానిపించింది. నాకేవన్నా తక్కువైందా?" అన్నారావిడ. మణికట్టు దగ్గర మచ్చ చూపించారు. వాతలూ గీతలూ ఏమీ వద్దు, నేను ఆటగా మానిపిస్తాను చూడండి అన్నాను.

ఆట ఎక్కడినుంచో తేలేదు, ట్రైనింగులోంచే తెచ్చాను. పిల్లవాడిది ఏ చెయ్యో తెలుసుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. క్రేయాన్ని బల్ల మీద సరిగ్గా వాడి ముక్కుకి ఎదురుగా, నడిమధ్య పెట్టాలి. కుడికీ ఎడమకీ ఒక్క వేలెడు కూడా జరగకూడదు. నీకిష్టమైన చేత్తో తీసుకో అనాలి. ఏ చెయ్యి ముందుకొస్తే అది వాడి చెయ్యి. నేను ఇంట్లో క్రేయాను బదులు బిస్కెట్ పెట్టేదాన్ని. కుడి చెయ్యి వస్తే బిస్కెట్ వాడిది. ఎడమ చెయ్యి వస్తే చటుక్కున లాక్కునేదాన్ని. "పడ్డావోచ్!" అని నవ్వేదాన్ని. వాడూ నవ్వేవాడు, మొదట్లో.

నెల తిరక్కుండానే వాడు జాగ్రత్త నేర్చుకున్నాడు. అప్పుడు నేను ఇంకో మెట్టు ఎక్కాను. "ఇవాళ ఆ చేత్తోనే తీసుకో, ఫరవాలేదు," అనేదాన్ని.

"సచ్చీ? అమ్మ ఏమీ అనదా?"

"ఏమీ అనదు. నిజంగా."

వాడు నమ్మి ఎడమ చెయ్యి చాపేవాడు. నేను లాక్కునేదాన్ని. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఒకరోజు నేను ఎంత బతిమాలినా వాడు ఎడమ చెయ్యి తియ్యలేదు. దాన్ని తొడ కింద దాచేసి, కుడి చేత్తో బిస్కెట్ తీసుకుని, "నేను పడలేదోచ్!" అని గెంతాడు. నేను వాణ్ణి ముద్దుపెట్టుకున్నాను. అత్తయ్యగారు దిష్టి తీశారు. చెయ్యి తొడ కింద పెట్టుకోమని మేము చెప్పలేదు, అది వాడే కనిపెట్టాడు. ఆ తర్వాత అన్నం తింటున్నా, బొమ్మ వేస్తున్నా, టీవీ చూస్తున్నా ఆ చెయ్యి అక్కడే.

కుడి చెయ్యి రావడమైతే వచ్చింది గాని, దానికి పని రాలేదు. గుండ్రం గీయమంటే వంకాయ వచ్చేది. గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. అలవాటైతే అదే వస్తుందిలే అనుకున్నాను. బడివాళ్ళు ఇంటికి పంపే కాగితంలో 'మీ పిల్లవాడిది ఏ చెయ్యి?' అన్న ప్రశ్న ఉంటుంది. తల్లిదండ్రులు నింపాలి. కుడి అని టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ కాగితం దీదీ ఫైల్లో ఉంది.

ఇప్పుడు చెప్పండి, పరీక్ష వారంలో నేనేం చెయ్యాలి? దీదీ దగ్గరికి వెళ్ళి మా వాడిది ఎడమ చెయ్యి అని చెప్పాలంటే, కాగితం మీద అబద్ధం రాశానని ఒప్పుకోవాలి. వాటం మార్చకూడదని ఊరందరికీ చెప్పి ఇంట్లో మార్చానని ఒప్పుకోవాలి. ఉన్నది ఉన్నట్టు రాద్దామని ఆవిడ ముఖం చిన్నబుచ్చి వారమే అయింది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా నాకు బాగా తెలుసు. పరీక్ష కాగితంలో చేతి వాటానికి మూడు గళ్ళు ఉంటాయి. కుడి, ఎడమ, ఇంకా తేలలేదు. మూడో గడిలో టిక్కు పడి, గీత, కత్తెర కూడా తప్పితే వాడు కేజీకి తయారుగా లేనట్టే. దాని మీద వాదన లేదు. ఆ నియమం పెట్టాలని మీటింగులో పట్టుబట్టిన ఇద్దరిలో నేనొకదాన్ని.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇంట్లో మాట వరసకి, "ఈ నాలుగు రోజులూ వాణ్ణి ఎడమ చేత్తో చెయ్యనిద్దామా?" అన్నాను. మా ఆయన టై విప్పుకుంటూ, "టీచరువి నువ్వు, నీకు తెలియాలి," అన్నారు. అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. "ఇంత కష్టపడి మాన్పించి ఇప్పుడు చెడగొట్టుకుంటావా?" అన్నారు తలెత్తకుండా. రాళ్ళు ఏరుతున్నది ఎడమ చేత్తో. ఆవిడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

టీచర్ల పిల్లల్ని ఆఖరి రోజున చూస్తారు. ఇన్‌ఛార్జి మేడం ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. "తల్లులు వెనక్కి తిరగకూడదు, మాట్లాడకూడదు. మన పిల్లలకే మనం సాయం చేస్తే బయట ఏమనుకుంటారు?" అంది. ఆవిడ అందరికీ కలిపి అన్నది నాకోసమే అన్నట్టు తోచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేనొక్కదాన్నే. దీదీ హాయిగా పెన్సిలు చెక్కుకుంటోంది.

ఇద్దరం వీపులు ఆనించుకున్నంత దగ్గరగా, చెరో బల్ల వైపు ముఖం పెట్టి కూర్చున్నాం. నా ముందు దీదీ కూతురు. దీదీ ముందు నా కొడుకు. నా ఎదురు గోడకి పిల్లల ఎత్తున ఒక అద్దం ఉండేది, పిల్లలు తమ ముఖాలు చూసుకుని కళ్ళు, ముక్కు, చెవులు నేర్చుకోవడానికి. ఆ అద్దంలో నా భుజం పక్కనుంచి వాడి ముఖం కనిపిస్తోంది. కొత్త చొక్కా తొడిగి, తల నున్నగా దువ్వి పంపాను. కుర్చీలో కూర్చుంటూనే ఎడమ చెయ్యి తొడ కిందికి పోయింది.

దీదీ కూతురు నాలుగు ముక్కల బొమ్మ కలిపింది. ఒంటికాలి మీద గెంతింది. కత్తెరతో గీత మీద చకచకా కత్తిరించి, ఇంకో కాగితం ఇమ్మంది. నేను ఉన్నది ఉన్నట్టే రాశాను. నిజం రాయడం నాకేమీ కష్టం కాలేదు.

వెనక మా వాడి గొంతు వినిపిస్తోంది. రంగులు చెప్పాడు. ఇరవై దాకా లెక్కపెట్టాడు. వాన ఎందుకు పడుతుందని దీదీ అడిగితే, "క్యోంకి బాదల్ భారీ హో జాతే హైఁ," అన్నాడు, మబ్బులు బరువెక్కిపోతాయి కనక అని. దీదీ, "అరే వాహ్!" అంది. నా గుండె కాస్త కుదుటపడింది. తర్వాత కాగితం చప్పుడయింది. నేను అద్దంలోకి చూశాను. వాడు ఎడమ చేత్తో గీస్తున్నాడు.

ఒక్క క్షణం ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. భయమూ లేదు, పరువూ లేదు, హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది, అది అద్దమని. వాడు గీస్తున్నది కుడి చేత్తోనే. నాలుక బయటపెట్టి, మెడ వంచి, క్రేయాను విరిగేంత గట్టిగా పట్టుకుని వంకాయ గీస్తున్నాడు.

తర్వాత కత్తెర. "బేటా, రెండో చేత్తో కాగితం పట్టుకో," అంది దీదీ. వాడు చెయ్యి తియ్యలేదు. కాగితం కింద పడింది. దీదీయే తీసి పట్టుకుంది. కత్తెర గీత దాటి ఎటో పోయింది. మళ్ళీ చేద్దామంది, మళ్ళీ పోయింది. నా ముందున్న పిల్ల ఖాళీగా కూర్చుని, "మేడం, నాది అయిపోయిందా?" అంటోంది. నేను అద్దం మీంచి చూపు తిప్పకుండానే దానికి ఇంకో కాగితం ఇచ్చాను.

దీదీ మంచిది. ఆవిడ స్థానంలో నేనుంటే అక్కడే టిక్కు పెట్టేసి ఇంకో పిల్లవాణ్ణి పిలిచేదాన్ని. ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. ఎర్ర క్రేయాను తీసి బల్ల మీద వాడి ముక్కుకి సరిగ్గా ఎదురుగా పెట్టింది. "బేటా, నీకిష్టమైన చేత్తో తీసుకో," అంది.

అద్దంలో వాడి ముఖం వెలిగింది. అంతసేపూ ఏం చెయ్యమంటున్నారో తెలియక బిక్కచచ్చి ఉన్నవాడు, ఒక్కసారిగా తేరుకున్నాడు. ఇది వాడికి తెలిసిన ఆట. తల ఎత్తి నా వీపు వైపు చూశాడు, అమ్మ ఎక్కడుందా అని.

నేను వెనక్కి తిరిగాను.

"మేడం!" అంది గుమ్మం దగ్గర్నుంచి ఇన్‌ఛార్జి మేడం.

"ఆ చేత్తో తీసుకో నాన్నా," అన్నాను తెలుగులో. "ఎడమ చేత్తోనే. అమ్మ ఏమీ అనదు."

వాడు నన్ను తేరిపార చూశాడు. పెదవి చివర నవ్వు మొదలైంది.

"నిజంగా చెప్తున్నాను. ఇది ఆట కాదు. నిజంగా."

అంటూనే నాకు తెలిసిపోయింది. ఇంతకంటే నా దగ్గర ఇంకో మాట లేదు. ఉన్న మాటలన్నీ బిస్కెట్ల దగ్గర ఖర్చుపెట్టేశాను. వాడు ఎడమ చెయ్యి ఇంకా లోపలికి, మోచెయ్యి దాకా తొడ కిందికి తోసుకున్నాడు. కుడి చెయ్యి చాపి క్రేయాను తీసుకున్నాడు. కుర్చీ మీద నిలబడ్డాడు.

"నేను పడలేదోచ్!" అని గదంతా వినపడేలా అరిచాడు.

దీదీ నా వైపు తిరిగింది. "ఏమంటున్నాడు?"

నేను చెప్పాను. వాడు అన్నది చెప్పాను. ఆట చెప్పాను. వాడి చెయ్యి ఏదో చెప్పాను, కాగితంలో నేనేం రాశానో చెప్పాను. నాలుగు వాక్యాలే. వారం రోజులుగా నా నోట్లో ఇరుక్కున్నవి ఆ నాలుగే. ఇన్‌ఛార్జి మేడం కుర్చీలోంచి లేచింది. దీదీ కాగితం వైపు చూసింది. పెన్సిలు ఏ గడి మీదా పెట్టలేదు.

"ఏం రాయను మేడంజీ?" అంది. దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు," అన్నాను.

ఆవిడ మూడో గడిలో టిక్కు పెట్టింది.

అప్పటికి వాడు కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చేశాడు. గెలిచినవాడికి రావలసినది రావాలి కదా. కుడి అరచెయ్యి నా ముఖం ముందు చాపి నిలబడ్డాడు. నా చేతిలో పెన్సిలు తప్ప ఏమీ లేదు. వాడి ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది. వెనక వైపంతా కుర్చీ అల్లిక గళ్ళు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. తిమ్మిరెక్కినట్టుంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. దాన్ని పట్టుకుని రుద్దుదామని నేను చెయ్యి చాపాను.

వాడు చటుక్కున వీపు వెనక దాచుకున్నాడు.

"అది కాదమ్మా," అన్నాడు ఓపిగ్గా, తెలియనిదానికి నేర్పినట్టు. "ఈ చెయ్యి."